ఆతిథేయి గడి

పాలమూరు పెద్దాసుపత్రి వెనుక బిల్డింగుల
కరెంటు పోతే జనరేటరు ముందుగాల ఊపిరి పోసేది
క్రిములకు.
గాజు పళ్లాలల్ల, ముప్పై ఏడు డిగ్రీల వెచ్చదనంల
నిమ్మళంగ పెరుగుతుంటయ్.
పక్క గదిల, తిరగని ఫ్యాను కింద నేను.
గడులు నింపుడు నా కొలువు.
మూడు నెల్ల జీతం బాకీ.

ఆషాఢం తొలి వానలకు వచ్చింది ఉసేనమ్మ నమూనా.
కోస్గి దిక్కు ఈదులకుంట.
కొత్త నల్లా పైపు, దాన్ని ఒరుసుకుంట మోరీ,
నడుమ వేలెడు పగులు.
ఒక్క రాత్రిల పదకొండు మంది మంచం పట్టిన్రు.
పది మంది తేరుకొని ఇండ్లకు పోయిన్రు.

వయసెంత, అడుగుతది గడి.
"అటిటు యాభై" అన్నడు కొడుకు.
గడిల అటిటు పట్టదు, అంకె ఒక్కటే పడుతది.
తీసిన తేదీ. దేన్నుంచి తీసిన్రు. ఏ జిల్లా.
తర్వాత, హోస్ట్.
నఫీసా మేడం కండ్లద్దాలు తుడుచుకుంట చెప్పింది:
"ఆతిథేయి. క్రిమికి తన ఒంట్ల జాగ ఇచ్చిన జీవి.
మనిషి అని కొట్టు, లాటిన్ల."
కొట్టిన.
సుట్టమొస్తే పొయ్యి మీద పెనం దించకపోయేదట ఉసేనమ్మ.
జొన్నరొట్టె చప్పుడు వాడకట్టంత వినపడేదట.
ఆ సంగతికి గడి లేదు.

ఐసు డబ్బా ఒళ్లె పెట్టుకొని
అటెండర్ పర్వతాలు పట్నం బస్సెక్కిండు.
అందుల ఏముందని కండక్టర్ అడిగితే
మామిడికాయ తొక్కు అన్నడట.

ఇరవై దినాలకు ఫైలొచ్చింది.
నాలుగే అక్షరాలు. ఏ, టీ, జీ, సీ.
తిప్పి తిప్పి నలభై లక్షలు.
బతికినన్నాళ్లు వేలిముద్ర వేసిన మనిషి పోయినంక
ఇన్ని అక్షరాలు!
ఒక్కటి గూడ ఆమెది కాదు.

ఎక్కించంగనే పాత లెక్కలన్నీ తవ్వి
కంప్యూటరు ఒక చెట్టు గీసింది,
ఏ క్రిమికి ఏ క్రిమి తోబుట్టువో.
ఉసేనమ్మ కాడ దొరికినదానికి దగ్గరి అక్క భీవండిలుంది,
రెండేండ్ల కింద, ఒక మగమనిషి కడుపుల.
మూడంటె మూడు అక్షరాల తేడా.
దాని పెద్దమ్మ పుణెల. ఇంకొకతె రాయచూరుల.
మళ్లొకతె మక్తల్ల.
మేడం వంగి చూసింది.
"నీళ్ల దారి కాదు పిల్లా ఇది.
బస్సు దారి."

నాకు తెలుసు ఆ బస్సు.
సద్ది మూటలు, గంపలు, కాళ్ల సందున పండిన పిల్లలు.
మా అమ్మ ఆరునెల్ల కడుపుతోటి ఎక్కింది.
సిమెంటు బస్తాల చాటున, తాటిపత్రి కింద
నేను పుట్టిన జాగ ఏ రిజిస్టర్ల లేదు.
బడిల చేర్పిస్తప్పుడు సారే ఒక తేదీ అనుకొని రాసిండు,
ఊరి పేరు గూడ ఆయనదే.
ఎవరెప్పుడు పోయిన్రో, ఎందరు తిరిగొచ్చిన్రో
మా మండలాఫీసుల అడిగితే బీరువ దిక్కు చూస్తరు.
కంటికి కనపడని పురుగు
పొల్లు పోకుంట రాసి పెట్టుకుంది.

చివరికొక గడి ఉంటది, నింపకున్నా నడుస్తది.
ఎప్పుడూ ఖాళీగ వదిలేదాన్ని.
ఆ దినం రాసిన:
ఉసేనమ్మ. పైపు ఇంకా పగిలే ఉంది.

"పేరు ఉండొద్దు, రూలు" అన్నది మేడం, మెల్లగ.
నిజమే. రోగం పక్కన పేరుంటే
ఆ ఇంటికి ఎవరూ నీళ్లకు గూడ పోరు.
పేరు తీసేసిన.
పైపు ఉంచిన.